రాతి వెనక ఊరి పేరు

ఇరవై రాతి పలకల్లో ఒకదానికి వెంట్రుకంత బీట ఉంది. ఆ సంగతి తిరుపాలు ఒక్కడికే తెలుసు.

లారీ మధ్యాహ్నానికి వస్తుంది. ఇన్నాళ్లూ గుండ్లమిట్ట కొండ ముడిరాయిగానే ఓడెక్కేది. ఎక్కడో నునుపు తేలి, ఎవరి పేరో పెట్టుకునేది. ఈసారి ముప్పై వడ్డెర కుటుంబాలు సంఘం కట్టి, తామే కోసి, తామే మెరుగు పెట్టి, ఇటలీకి మచ్చు పలకలు పంపుతున్నాయి. అక్కడి కొనేవాళ్లు ఇరవై అడిగారు. ఒకటి తగ్గితే, చేతగానివాళ్లని వెనక్కి పోతారేమో.

తిరుపాలు లక్కలో మసి కలిపి, కరిగించి, బీటలో పోశాడు. పైన మెరుగు పెట్టాడు. నల్లరాతిలో బంగారు చుక్కలు అమావాస్య ఆకాశంలా మెరిశాయి. ఇక ఏ కంటికీ బీట దొరకదు.

అంకయ్య మేస్త్రి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. తిరుపాలుకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే. చూపు మందగించి రెండేళ్లయింది.

"అన్నీ బాగా వచ్చినాయంట్రా?"

"అద్దాలే మేస్త్రీ. నీ మొహం చూసుకోవచ్చు."

"నా మొహం కనబడితే ఎవరు కొంటార్రా."

అంటూనే సుత్తి పిడితో ఒక్కో పలకా తట్టుకుంటూ పోయాడు. కంచు చెంబుల్లా ఖంగుమన్నాయి. పదిహేడోది మూగగా పలికింది.

మేస్త్రి దాన్ని మళ్లీ తట్టలేదు. మిగతా మూడూ తట్టి, తిరిగి దాని దగ్గరికే వచ్చి, మొలలోంచి ఉలి తీసి తిరుపాలు చేతిలో పెట్టాడు.

"వెనక ఊరి పేరు చెక్కాలనుకున్నాం గదా. దీంతో మొదలుపెట్టు."

"మన అక్షరాలు వాళ్లకి రావు గదా మేస్త్రీ. అక్కడెవరు చదువుతారు?"

"నీకొచ్చు గదరా."

తిరుపాలు పలక బోర్లా తిప్పి ఉలి ఆనించాడు. సుత్తి లేచింది గానీ దిగలేదు. రాయి పగులుతుందని కాదు. గుండ్లమిట్ట. నాన్న ఊపిరితిత్తుల్లో దుమ్మై నిండిన ఊరు. అమ్మ ఇప్పటికీ ఆ కొండకేసి దణ్ణం పెట్టుకునే ఊరు.

చాలాసేపటికి లేచి, ఆ పలకను మోసుకెళ్లి పనికిరాని రాళ్లగుట్ట మీద వదిలి వచ్చాడు. పద్దెనిమిదోది దగ్గరకు లాక్కున్నాడు. ఉలి చప్పుడు మొదలైంది.

మధ్యాహ్నం లారీ డ్రైవరు పలకలు ఎక్కించుకుంటూ ఆగాడు. "ఒకటి తక్కువుందే, అబ్బాయ్?"

తిరుపాలు మేస్త్రి వైపు చూశాడు. ఆయన కర్ర గడ్డం కింద ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"లేదన్నా," అన్నాడు తిరుపాలు. "ఉన్నవన్నీ ఎక్కినాయి."