మలుగుచేప రాజభక్తి

ఓడ వర్తకుడొకడు ఏడు సముద్రాల అవతలి నుంచి పాములాంటి ఒక మలుగుచేపను తెచ్చి వెలగదుర్గం రాజు చిక్కభూపాలుడికి కానుకిచ్చాడు. మనిషికంటే పొడవు, బురదరంగు, ముఖాన కళాకాంతీ లేదు. కానీ తొట్టిలో చెయ్యి పెడితే చాలు, ఒళ్లంతా ఝల్లుమనిపించి ఎంతటివాణ్ణయినా వెల్లకిలా పడేసేది.

మూడు నెలల తర్వాత ఒకనాడు, "ఎందుకు కొడుతోందిది?" అన్నాడు రాజు. ఆయనకు సందేహం వచ్చిందంటే, తీరేదాకా సభలో ఎవరికీ భోజనం లేదు.

ఆస్థాన జ్యోతిష్కుడు నరహరి శాస్త్రులు గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, ఇది రాజద్రోహులను మాత్రమే కొడుతుంది."

వెంటనే పరీక్ష మొదలైంది. తొట్టి చూసుకునే జాలరి పోలయ్య అందరికంటే ముందు పడ్డాడు. వెనకాలే సేనాపతి, కోశాధికారి, వంటవాళ్లు, ఇరవైమంది భటులు పడ్డారు. చిట్టచివర శాస్త్రులు తీరిగ్గా మోచేతిదాకా ముంచాడు. చేప కదల్లేదు.

"చూశారా? ముందు పడ్డవాడే అసలు ద్రోహి" అన్నాడాయన. మర్నాటికల్లా పెళ్లాం బిడ్డలతో దేశం విడిచిపొమ్మని పోలయ్యకు ఆజ్ఞ అయింది.

పోలయ్యకు కడుపు మండిపోయింది. మూడు నెలలుగా ఆ చేపను సాకుతున్నది తను. అది ఘడియకు రెండుసార్లు పైకొచ్చి గాలి గుటకేస్తుందనీ, బెదిరితే కొడుతుందనీ, వరసగా కొట్టి కొట్టి సత్తువ అయిపోతే కాసేపు తాడుముక్కలా పడుంటుందనీ తనకు తెలుసు. శాస్త్రులు చెయ్యి పెట్టింది ఆ తాడుముక్క పక్కన. కానీ జ్యోతిష్కుడి మాట కాదని జాలరి మాట నమ్మేదెవరు?

మర్నాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మారాజా, పోయేముందు ఒక్క మనవండి. తమరు చెయ్యి ముంచితే ఆ చేప కిక్కురుమనదు. ఆ వైభోగం కళ్లారా చూసి పోతానండి."

రాజు ఉబ్బిపోయాడు. శాస్త్రులకు ముచ్చెమటలు పట్టాయి.

"తమరికెందుకు ప్రభూ ఈ శ్రమ?"

"ఏం, నన్ను కొడుతుందా?"

"అబ్బే, కొట్టదు."

"మరింకేం."

వెలగదుర్గంలో ఒక ఆచారం ఉంది. రాజు ఏ పవిత్రకార్యం చేసినా ఫలం అందరికీ పాకాలని సభంతా చేతులు పట్టుకుని వరసగా నిలబడుతుంది. ఒక కొసన రాజు, రెండో కొసన జ్యోతిష్కుడు ఆ వస్తువును ముట్టుకోవాలి. శాస్త్రులు జారుకోబోయాడు గానీ సేనాపతి చెయ్యి వదల్లేదు. వెలివేసినవాడు గనక పోలయ్యకు మాత్రం వరసలో చోటు లేదు.

రాజు చెయ్యి ముంచాడు. శాస్త్రులు కళ్లు మూసుకుని చిటికెనవేలు ముంచాడు. రాత్రంతా హాయిగా సేదదీరిన మలుగు ఉలిక్కిపడింది.

కిరీటం అటు, పంచాంగం ఇటు ఎగిరాయి. నలభైమంది సభాసదులు ఒక్కసారే గెంతి, ఒక్కసారే కూలబడ్డారు.

"అంటే నాకు నేనే ద్రోహినా?" అన్నాడు రాజు నేలమీద నుంచే.

పోలయ్య వంగి దండం పెట్టాడు.

"అదేమో గాని మారాజా, ఇయ్యాళ సభలో దెబ్బ తగలనోణ్ణి నేనొక్కణ్ణేనండి. నన్నేమో నిన్ననే వెళ్లగొట్టారు."

రాజు అటూ ఇటూ చూశాడు. కూలబడ్డ కోశాధికారిని చూశాడు, పిలక నిక్కబొడుచుకున్న శాస్త్రులను చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. సభంతా పడి పడి నవ్వింది.

అప్పటికప్పుడే పోలయ్యకు శిక్ష రద్దయి, రాజుగారి మెడలోని పచ్చల హారం అతని మెడలో పడింది. తొట్టి కడిగే పని శాస్త్రులకు దక్కింది.