నడవలేని ఒకరికి ఆటో ఖర్చులు

చీరాలలో నవమణిగారు నడిపే ఓదార్పు గృహం చాలా చిన్న సంస్థ. రెండు గదులు, ముందు ఒక వరండా. మనసు బరువెక్కినవాళ్ళు, ఇంట్లో పొసగనివాళ్ళు, అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు అక్కడికి వస్తారు. నవమణిగారు గాని, ఆమె దగ్గర ఆ పని నేర్చుకుంటున్నవాళ్ళు గాని తలుపు దగ్గరగా వేసి వాళ్ళు చెప్పింది వింటారు. కోరితే ప్రార్థన చేస్తారు. లోపల విన్న మాట గడప దాటదు. డబ్బు విషయంలో మాత్రం ఆమె పద్ధతి పూర్తిగా వేరు. ఏటా ఒక ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో షామియానా వేయిస్తారు. చందా ఇచ్చినవాళ్ళనూ ఇవ్వనివాళ్ళనూ కూర్చోబెట్టి, వచ్చిందెంత, దేనికెంత పోయింది అన్నది పైకి చదువుతారు. ఎవరైనా లేచి ఏదైనా అడగవచ్చు.

ఒక సంవత్సరం ఆ లెక్కలు సిద్ధం చేసే పని ఆశీర్వాదం అనే శిష్యుడి మీద పడింది. పాస్టరు చదువు ముగించుకుని వచ్చినవాడు, నెమ్మదస్తుడు. ఒక ఖర్చు దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. కాపురం చెడి వచ్చిన ఒకామెకు సంస్థ కొన్నాళ్ళు గది అద్దె కట్టింది. ఉన్నదున్నట్టు రాస్తే ఎవరికని అడుగుతారు. అడిగితే చెప్పడానికి లేదు. దాన్ని ఇతర ఖర్చుల్లో కలిపేస్తే అబద్ధం ఆడినట్టూ కాదు, ఎవరి దృష్టీ దాని మీద పడదు. ఈ ఆలోచనతో అతను నవమణిగారి దగ్గరికి వెళ్ళాడు.

“మనది రహస్యాలు దాచే ఇల్లు కదా అమ్మగారూ. లెక్కలో కూడా కాస్త దాచుకుంటే తప్పేముంది?” అని అడిగాడు.

నవమణిగారు తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. కూర్చోమని కుర్చీ చూపించి, దీవెనమ్మగారనే ఒక పెద్దావిడ సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడే నలుగురిలో బయటపెట్టిన విషయం గనుక తాను చెప్పడంలో దోషం లేదని ముందే అన్నారు.

అప్పటికి సంస్థ పెట్టి ఎన్నాళ్ళో కాలేదు. చందాల్లో సగానికి పైగా బట్టల వ్యాపారి నతానియేలుగారు ఒక్కరే ఇచ్చేవారు. తండ్రి పోయిన దగ్గర నుంచి ఆయన పేరున క్రిస్మస్‌కు ముందు పెద్ద మొత్తం పంపేవారు. అది ఆగిపోతే గదులు ఖాళీ చేయాల్సిందే. ఇచ్చేటప్పుడు ధారాళంగా ఇచ్చేవారు గాని, ఖర్చు దగ్గర మాత్రం దేన్నీ ఊరికే వదిలే మనిషి కాదు.

ఆ ఏటి సమావేశానికి ఆయన తల్లి దీవెనమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. నవమణిగారు వరసగా చదువుతూ, ‘నడవలేని ఒకరికి రానుపోను ఆటో ఖర్చులు’ అన్న చోటికి వచ్చారు. ఏడాది పొడుగునా పెట్టింది కాబట్టి మొత్తం కాస్త పెద్దదే. నతానియేలుగారు లేచి ఆ ఒకరు ఎవరని అడిగారు. ఎంతయిందో, ఎందుకయిందో, ఏ ఆటో అతనికి ఇచ్చారో అన్నీ చెప్పగలనని, పేరు మాత్రం చెప్పలేనని నవమణిగారు నెమ్మదిగా జవాబిచ్చారు. ఆయన ముఖం ఎర్రబడింది.

“ఇది మా నాన్నగారి పేరున ఇచ్చిన డబ్బు. దాంతో ఆటోల్లో తిరిగిందెవరో నేను తెలుసుకోకూడదంటే, వచ్చే ఏడు నా చందా కోసం చూడకండి.”

కమిటీ పెద్ద ఒకరు నవమణిగారి వైపు వంగి, ఆయన ఒక్కరికే పక్కకు పిలిచి చెబితే పోతుంది కదా అని గొణిగారు. ఆమె ముందు వరుస వైపు చూడకుండా, ఇంతవరకు ఆయన చేసిన సాయానికి కృతజ్ఞతలు చెప్పి, ఇకపై ఆ చందా లేకుండానే నెట్టుకొస్తామంటూ తర్వాతి ఖర్చు చదవబోయారు.

అప్పుడు దీవెనమ్మగారు కొడుకు చెయ్యి ఊతగా పట్టుకుని లేచారు.

“నేనేరా,” అన్నారు.

ప్రతి గురువారం కొడుకు కొట్టుకు వెళ్ళాక తాను ఆటోలో ఓదార్పు గృహానికి వెళ్ళి వస్తున్నానని ఆవిడ చెప్పారు. ఇంట్లో భర్త మాట ఎత్తితే కొడుకు అన్నం ముందు నుంచి లేచిపోతాడు. ఆటోకు డబ్బులడిగితే ఎక్కడికంటాడు, చెబితే నొచ్చుకుంటాడు. తన పేరు దాచినందుకు ఆ అమ్మాయి నలుగురిలో మాట పడుతుంటే ఇక కూర్చోలేకపోయానన్నారు. ఇదంతా ఆవిడ కోపంగా చెప్పలేదు. కొంగు సర్దుకుని కొడుకు వైపు తిరిగారు.

“మీ నాన్న డబ్బుతో మీ నాన్న గురించి చెప్పుకోడానికి వెళ్ళాను. ఇందులో దుబారా ఏముంది?”

వెనక వరుసలో ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. నతానియేలుగారు రుమాలుతో కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఆయన ముఖం కూడా విచ్చుకుంది. అక్కడ ఏం మాట్లాడతావమ్మా అని తల్లిని మెల్లగా అడిగారు.

“అది నీకు చెప్పను. కావాలంటే గేటు దాకా దింపు,” అన్నారు దీవెనమ్మగారు.

ఆ రోజు సమావేశంలో పాయసం వడ్డించింది నతానియేలుగారే. మరుసటి గురువారం నుంచి తల్లిని స్కూటరు మీద ఆయనే తీసుకొచ్చేవారు. ఆవిడ లోపల ఉన్నంతసేపూ ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చునేవారు. కొన్నాళ్ళకు, చర్చిలో తండ్రి శ్రుతి తప్పి గట్టిగా పాడే తీరును తల్లి వెనక కూర్చుని అనుకరిస్తుంటే, కొడుకు నడిబజారులో బండి ఆపి మరీ నవ్వడం చాలామంది చూశారు.

ఆశీర్వాదం నవ్వుతూ విన్నాడు. మరి ఆయన ఆ తర్వాత కూడా చందా ఇచ్చారా అని అడిగాడు.

“ఇచ్చారు. ఏటా లేచి, పేరొక్కటి తప్ప అన్నీ అడగడమూ మానలేదు,” అన్నారు నవమణిగారు. “లెక్క దాచకుండా చదవడానికి నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఆ రెండోదే నాయనా.”