కొంగుముడి వన్నె

ఆ రాజ్యంలో మనుషుల గొప్పతనం వాళ్ల ఇంట్లోని వెండి నాణెం రంగును బట్టి ఉండేది. నాణెం మీద కాలం తెచ్చిన వన్నె ఉంటే అది పాత వంశం, సభలో వాళ్లకు పీట వేసేవారు. తళతళలాడే నాణెం తెచ్చినవాళ్లు నిలబడాలి. ఏది కాలం తెచ్చిన వన్నె, ఏది మనిషి పూసిన వన్నె అని తేల్చడానికి ఒక పరీక్షకుడు ఉండేవాడు. తన నాణేన్ని తానే పరీక్షించుకోకూడదని నియమం. ఇంకో పరీక్షకుడు రాజ్యంలో లేడు. అందుకని పాపం, ఆయనా నిలబడే ఉండేవాడు.

ఆయన ఇంట్లో వాళ్లమ్మ నాణెం ఒకటి ఉంది. ఆవిడ దాన్ని బతికినన్నాళ్లూ చీరకొంగున ముడివేసుకుని తిరిగింది. అందుకే నీలం, తేనెరంగు కలిసిన ఆ వన్నెలో బట్ట నేత కూడా సన్నగా అచ్చుపడింది. అలాంటిది లోకంలో మరొకటి లేదని ఆయన నమ్మకం. ఏనాటికైనా దాన్ని చేతపట్టుకుని సభలో కూర్చోవాలి, అమ్మ కొంగుకు ఆ మర్యాద దక్కాలి. ఆయనకు ఉన్న కోరిక అదొక్కటే.

పీటల కోసం జనం పడని పాట్లు లేవు. కొత్త నాణేలకు వన్నె పట్టాలని గంధకం పొగ పెట్టేవారు, ఉడికిన గుడ్ల మధ్య నాణేలు పెట్టి మూత బిగించేవారు. గుడ్డు పేరెత్తితే చెవులు మూసుకునే ఇళ్ల పెరళ్లలో కూడా పెంకులు కనిపించేవి. అడిగితే గాలికి కొట్టుకొచ్చాయనేవారు.

పరీక్షకుడు మాత్రం లొంగేవాడు కాదు. “కాలం అంచు నుంచి లోపలికి వస్తుందండీ,” అనేవాడు. “అక్షరాల సందుల్లో ఆగి ఆగి వస్తుంది. వచ్చినా కింద వెండి మెరుపును చంపదు. మీది గోడకు సున్నం కొట్టినట్టుంది. పైగా గుడ్డు కంపు. తీసుకెళ్లండి.”

ఇలా ఉండగా రాజుగారికీ పాత వంశం కావాలనిపించింది. ఆయన తాత గుర్రాలకు గడ్డి వేసేవాడు. ఆ సంగతి అందరికీ తెలుసు కనుక ఎవరూ మాట్లాడేవారు కాదు. ఒకరోజు మంత్రి పట్టుదిండు మీద ఒక నాణెం పెట్టుకుని సభలోకి వచ్చాడు. అంతటా ఒకే తీరున ఊదారంగు. దాని వాసనకు ముందు వరుసలోని పెద్దలు ఉత్తరీయాలు ముక్కులకు అడ్డం పెట్టుకుని, భక్తితో తలలు వంచినట్టు నటించారు.

“మా ముత్తాతగారి కాలంది,” అన్నాడు రాజు. “నిగ్గు తేల్చు.”

పరీక్షకుడు వంగి చూశాడు. నాణెం మీద ఉన్న ముఖం రాజుగారిదే, గడ్డం మీది పుట్టుమచ్చతో సహా.

“ముఖం తమరిదిలా ఉంది ప్రభూ.”

“వంశం పోలిక ఎక్కడికి పోతుందండీ?” అన్నాడు మంత్రి. తర్వాత పరీక్షకుడి చెవి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. “మీ అమ్మగారి నాణెం ఒకటి ఉందట కదా. రేపు అది మేం చూస్తాం. ఇవాళ ఇది మీరు చూడండి.”

పరీక్షకుడికి భయం వేసింది. భయాన్ని ఆయన తట్టుకునేవాడేమో గాని, ఆశను తట్టుకోలేకపోయాడు.

“కాలం తెచ్చిన వన్నే ప్రభూ,” అన్నాడు. “ఇలాంటిది నేనెన్నడూ చూడలేదు.”

రెండో మాట నిజమే. రాజు పొంగిపోయి, ఇకమీదట రాజ్యంలో ఈ నాణెమే నమూనా అని, దీన్ని పోలినది అసలు, పోలనిది నకిలీ అని చాటింపు వేయించాడు.

మర్నాడు పరీక్షకుడు అమ్మ నాణెం తెచ్చాడు. మంత్రి దాన్ని రాజుగారి నాణెం పక్కన పెట్టి చూశాడు, వాసన చూశాడు.

“వాసన లేదు. రంగు అంతటా సమంగా లేదు. మీద ఈ గళ్లేమిటి? ఎవరో గుడ్డ చుట్టి రంగు అద్దినట్టున్నారు. నకిలీ.”

“అది మా అమ్మ కొంగండీ. అసలు వన్నె అంటేనే...”

“అసలు వన్నె ఎలా ఉంటుందో నిన్న మీరే తేల్చారు కదండీ.”

పరీక్షకుడు ఇంటికి వచ్చి భార్యను చింతపండు అడిగాడు.

“ఎందుకండీ?”

“పాత రంగు మీద కొత్త రంగు అంటదు.”

ఆవిడకు అర్థమైంది. “అత్తయ్య కొంగులో పుట్టిన రంగండీ అది,” అంది. ఆయన తనే డబ్బా వెతికి, నూతి గట్టున కూర్చుని చింతపండూ బూడిదా వేసి తోమాడు. నీలం పోయింది, తేనెరంగు పోయింది. నేత మాత్రం చాలాసేపు పోలేదు. అది కూడా పోయాక నాణెం చంటిపిల్ల పన్నులా తెల్లగా మెరిసింది. ఆయన ఏడ్చాడు. భార్య చూస్తోందని తెలిసి, పులుసు కళ్లలో పడిందన్నాడు. తర్వాత గుడ్లు ఉడకబెట్టమన్నాడు.

ఈసారి మంత్రి ఊదారంగుకు మారిన ఆ నాణెం వాసన చూసి తృప్తిగా తల ఊపాడు. పరీక్షకుడికి పీట వేశారు. కోరుకున్నట్టే అమ్మ నాణెంతో సభలో కూర్చున్నాడు. కూర్చునే పరీక్షలు మొదలుపెట్టాడు.

వరుసలో ఒక ముసలావిడ వచ్చి, కొంగుముడి విప్పి నాణెం ఇచ్చింది. వెలుగులోకి తిప్పగానే నీలం, తేనెరంగు, వాటి మధ్య సన్నటి నేత. ఆయన తలెత్తాడు. మంత్రి చూస్తున్నాడు.

“వాసన లేదమ్మా,” అన్నాడు. “నిలబడు.”

“అలవాటే బాబూ,” అంటూ ఆవిడ నాణెం అందుకుంది. వెళ్లబోతూ, ఆయన ముందున్న ఊదారంగు నాణెం చూసి ఆగింది. “ఇది మీ అమ్మగారిదా బాబూ?”

పరీక్షకుడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ అంచు చూశాడు, అక్షరాల సందులు చూశాడు, వెలుగులోకి తిప్పి చూశాడు.

“కాదమ్మా,” అన్నాడు.

ముసలావిడ తన నాణేన్ని కొంగున ముడివేసుకుని, వెళ్లి నిలబడేవాళ్లలో నిలబడింది.