పంక్తి లేచే వేళ

ఎవరు ఏ ప్రశ్న అడిగినా కోదండపాణి మాస్టారు ముందు "భోజనం చేశావా?" అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఆయనకి చెవుడేమో అనుకునేవారు. పాతవాళ్ళు మాత్రం మారు మాట్లాడకుండా కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చునేవారు. ఆయన సగం వయసు హిమాలయాల్లో గడిపారు. ఎందరినో మంచుకొండలు ఎక్కించి క్షేమంగా దింపారు. మోకాళ్ళు మొరాయించాక తూర్పు కనుమల అంచున ఒక బోడికొండ కింద ఇల్లు కట్టుకుని, వచ్చినవాళ్ళకి కొండలెక్కడం నేర్పుతూ ఉండేవారు. కడుపు నిండితే ప్రశ్నల్లో సగం వాటంతటవే తీరిపోతాయని ఆయన నమ్మకం.

ఆయన శిష్యుల్లో నీలవేణి దిట్ట. ఆ ఏడాది యాత్రని మాస్టారు ఆమె చేతిలో పెట్టారు. లదాఖ్‌లో రోడ్డు ఆగిపోయాక ఇంకా రోజుల తరబడి నడిస్తే గానీ మొదలైనా కనిపించని శిఖరం అది. దారి చూపి, ఎక్కించి, అందరినీ దింపుకుని రావడం ఇక ఆమె పూచీ. తొలిసారి కదా, నిద్రలో కూడా అదే ధ్యాస. ఒక ఆదివారం పొద్దున్నే మాస్టారి అరుగు మీద గులకరాళ్ళు వరసగా పేర్చి, ఇవి మజిలీలు అంది. మనుషులకి బదులు చింతగింజలు పెట్టింది. గింజల్ని ఒక్కో రాయి దగ్గరికీ జరుపుతూ, ఎక్కడ ఆగాలో, ఏ వేళకి బయల్దేరాలో గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. మాస్టారు అంతా విని, వరసలో కలవకుండా విడిగా ఉండిపోయిన ఒక గింజని చూపించారు.

"అదెవరమ్మా?"

"కామేశ్వరి టీచరుగారండీ," అంది నీలవేణి, గొంతు తగ్గించి.

కామేశ్వరి టీచరు ఉద్యోగమంతా నల్లబల్ల మీద సుద్దముక్కతో హిమాలయాలు గీసిన మనిషి. రిటైరవగానే, గీసింది చాలు, ఇక చూస్తానంటూ వచ్చి మాస్టారి దగ్గర చేరింది. ఆవిడ జారదు, ఆయాసపడదు, మధ్యలో చతికిలబడదు. నెమ్మది, అంతే. మిగతావాళ్ళు బోడికొండ పైకెక్కి, వేరుశనక్కాయలు ఒలుచుకు తిని, పొట్టు దులుపుకుని లేచే వేళకి అంచున ఆవిడ ఉన్ని టోపీ కనిపించేది. అలాంటి టోపీలే అల్లి యాత్రకి వెళ్ళే అందరికీ పంచింది కూడా. నీలవేణికి ఎర్రది ఇచ్చింది. యాత్రకి రావద్దని ఆవిడకి ఏ ముఖంతో చెప్పాలా అని నీలవేణి వారంగా కుమిలిపోతోంది.

"మధ్యాహ్నమైతే ఆ శిఖరాన్ని మబ్బు కమ్మేస్తుంది మాస్టారూ. ఆలోగా ఎక్కి దిగిపోవాలి. మబ్బు మనకోసం ఆగదు కదండీ! ఒకరి కోసం అందరినీ ఆపనా, అందరి కోసం ఒకరిని ఆపనా? మీరే చెప్పండి."

"భోజనం చేశావా?" అన్నారు మాస్టారు.

ఆ రోజు యాత్ర బృందానికంతా ఆయన ఇంట్లోనే భోజనాలు. అందరూ సాధన ముగించుకుని కొండ దిగి వచ్చేసరికి ఇంటి ముందు రాతి చపటా మీద వరసగా విస్తళ్ళు పరిచి ఉన్నాయి. పనసపొట్టు కూర ఘుమఘుమలు కొండ మలుపు దాకా ఎదురొచ్చాయి. మాస్టారు ఒకసారి పడమటి దిక్కుకి చూసి, వంట చేసిన సూరన్న చెవిలో ఏదో చెప్పారు. సూరన్న పెద్దవాళ్ళున్న కొసని వదిలేసి, గరిట పట్టుకుని తిన్నగా రెండో కొసన ఉన్న నీలవేణి దగ్గరికి వచ్చి వడ్డన మొదలుపెట్టాడు.

"నువ్వు కలుపుకో అమ్మా," అన్నారు మాస్టారు.

"ఇంకా ఎవరికీ పడలేదు కదండీ!"

"పడతాయిలే. నువ్వు కానీ."

మొహమాటపడుతూనే ఆమె తినడం మొదలుపెట్టింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొండ మీద లేడిపిల్ల అయిన నీలవేణి, విస్తరి ముందు మాత్రం నత్తకి అక్క. పులిహోరలో కరివేపాకు రెబ్బలు ఒక్కొక్కటీ ఏరి అంచున వరసగా పెట్టుకుంటుంది. ప్రతి ముద్దకీ ఒక ఆలోచన. ఆమె తిని లేచేలోగా మళ్ళీ ఆకలేస్తుందని ఇంట్లోవాళ్ళు ఆటపట్టిస్తారు.

ఆమె తరవాత మొదలుపెట్టినవాళ్ళు ఆమెని ఇట్టే దాటిపోయారు. బూరెలకి చిల్లు పెట్టి నెయ్యి పోయించుకున్నారు, ఇంకో రెండు వేయించుకున్నారు, పెరుగులోకీ వచ్చేశారు. అందరికన్నా ముందు ముగించినది కామేశ్వరి టీచరు! ఏళ్ళ తరబడి బడి గంట మోగేలోగా డబ్బా ఖాళీ చేసిన చెయ్యి అది. నీలవేణి తలెత్తి చూస్తే వరసంతా విస్తళ్ళు ఖాళీ. తన విస్తట్లో మాత్రం ముక్కల పులుసు ఇంకా అలాగే ఉంది. పడమటి నుంచి నల్లటి మబ్బు కొండ భుజం దాకా వచ్చేసింది.

"మీరంతా లేవండి, నా కోసం ఎందుకు?" అంది, సిగ్గుతో చితికిపోయి.

"పంక్తిలో అదెక్కడి మర్యాద!" అన్నారెవరో. ఇంకొకరు రాగం తీసి ఒక పద్యం అందుకున్నారు. అది సగంలో మరిచిపోతే, పక్కాయన వేరే పద్యం తోక తెచ్చి దీనికి అతికించాడు. చపటా అంతా ఒకటే నవ్వులు. చేతులు ఎండిపోతున్నా, మీద గాలి చల్లబడుతున్నా, ఒక్కరూ కదల్లేదు. కామేశ్వరి టీచరు ముందుకి వంగి, "నెమ్మదిగా తిను తల్లీ. మేమున్నాంగా," అంది.

నీలవేణి ఆవిడ వంక చూసింది. ఈ మాట కొండ మీద ఈవిడకి తాను ఒక్కసారైనా చెప్పలేదే! అక్కడ పొట్టు దులుపుకుని లేవడమే తప్ప, వెనక్కి చూసి ఒక్క పలకరింపైనా లేదు. కళ్ళు చెమరిస్తుంటే పులుసు కారం మీదికి నెట్టి మంచినీళ్ళు తాగింది. ఆ తరవాత పెరుగన్నం ఎంత కమ్మగా ఉందో ఆమెకే తెలుసు.

ఆఖరి ముద్ద అయింది. గోవిందా అంటూ అందరూ ఒక్కసారే లేచారు. విస్తళ్ళు తీసి, చేతులు కడుక్కుని అరుగెక్కారో లేదో, చపటా మీద టపటపా చినుకులు పడ్డాయి. ఒక్కరి చొక్కా అయినా తడవలేదు. పిల్లల్లాగా చప్పట్లు కొట్టారందరూ.

అరుగు మీద గులకరాళ్ళు పొద్దుటిలాగే ఉన్నాయి. నీలవేణి ఆ విడి గింజని చేతిలోకి తీసుకుంది. టీచరుగారిని వదిలేసి వెళ్ళే మాటే ఇక లేదు. కానీ వరసలో దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"నాకోసం అందరూ ఆగారు, బాగానే ఉంది. కాస్త ఆలస్యమైతే అందరూ తడిసి ముద్దయ్యేవారు కదండీ! ఆ మబ్బుని మీరు చూడలేదా మాస్టారూ?"

ఆయన వక్కపలుకు బుగ్గన పెట్టుకుని నవ్వారు.

"చూశానమ్మా. చూసే కదా, నిన్ను అందరికన్నా ముందు కలుపుకోమన్నాను."