అల్లుడిమెట్టు

పూర్వం గంధగిరి శిఖరాన నరసింహస్వామివారు కొలువై ఉన్న కాలంలో, కొండ దిగువ పల్లెలో తిమ్మక్క అనే ముదుసలి ఉండేది. శనివారం వచ్చిందంటే బెల్లపన్నం మూటగట్టుకొని, మెట్ల మొదట విఘ్నేశ్వరుని గుడిలో గుంజీళ్లు తీసి, ఆంజనేయుని మండపంలో కాసేపు అలుపు తీర్చుకొని, నడికొండన స్వామి వలచి పెండ్లాడిన చెంచులక్ష్మి అమ్మవారి పుట్టింటి గుడిలో గడపకు పసుపు రాసి, ఆపైన శిఖరమెక్కి స్వామికి నివేదించుకోవడం ఆమెకు జీవితవ్రతం.

వార్ధక్యం చేత మోకాళ్లు మొరాయించగా, ఒక శనివారం ఇదే కడసారి దర్శనమని తలచి కళ్లారా స్వామిని చూసుకొంది. తీరా గడప దాటుతూ, నోటి అలవాటు కొద్దీ "పోయొస్తా సామీ" అనేసింది. అన్నాక గడపలోనే ఆగిపోయింది.

"ఎంత పని చేస్తిని అయ్యవారూ! వస్తానని దేవునికి మాటిస్తిని" అని అర్చకులు నరహర్యాచార్యులతో వాపోయింది.

"పోతానని ఎవరైనా అంటారా అవ్వా? అది వట్టి వాడుక. స్వామి పట్టించుకోడులే" అన్నారాయన నవ్వుతూ.

"మీకు వాడుకే. సామితో బొంకి నేను కన్ను మూయాల్నా?"

మరుసటి శనివారం దోగాడుతూ ఎక్కసాగింది. అమ్మవారి గుడి చేరేసరికి ఒంట్లో సత్తువ ఉడిగిపోయింది. గోడకు జారగిలబడి, "నువ్వైనా మీ ఆయనకు చెప్పు తల్లీ, తిమ్మక్క రాకూడదనుకొని కాదు, రాలేకపోయిందని" అంటూ కన్నీరు పెట్టుకొంది.

అంతలో జూలు వంటి జుట్టు, విశాలవక్షం గల పురుషుడొకడు పైనుంచి గబగబా దిగివచ్చి, "ఆకలవుతోందవ్వా, ఆ మూట ఇటివ్వు" అన్నాడు.

"సామికి తెచ్చింది నాయనా! ఇంతకీ ఎవరు నువ్వు?"

"ఈ ఇంటి అల్లుణ్ణి."

"అయ్యో, అల్లుణ్ణి పస్తుంచితే అమ్మ నన్ను ఊరకుంటుందా!" అని తిమ్మక్క మూట విప్పి, కొసరి కొసరి తినిపించింది.

సాయంపూజకు శిఖరాలయం తలుపులు తీసిన ఆచార్యులకు గర్భాలయంలో శూన్యపీఠం కనిపించింది. ఆయన పరుగున దిగివచ్చి చూస్తే, అమ్మవారి పక్కన స్వామివారు ఆసీనులై ఉన్నారు. ఆ పాదాల మీద తల ఆనించి తిమ్మక్క పసిబిడ్డలా నిద్రపోతోంది.

నాటినుండి ఆ తావు అల్లుడిమెట్టుగా ప్రసిద్ధమైంది. నేటికీ స్వామివారి కుడిపాదం పీఠం దిగి, గుడిమెట్టు మీదనే ఆని ఉంటుంది. శిఖరాలయంలో ఖాళీపీఠానికి దీపం మాత్రం పెడతారు. అది తెలియని వృద్ధులెవరైనా ఆయాసపడుతూ ఇంకా పైకి చూస్తుంటే, అర్చకులు లోపలినుంచే పిలుస్తారు: "ఇంకెక్కడికమ్మా? వారు ఇక్కడే ఉన్నారు, రండి, కూర్చోండి."