బొమ్మలు భద్రంగా ఉన్నాయి

ముందు నువ్వు చెప్పు. పొద్దున ఆ పాత పెట్టె మూత తీసినప్పుడు ఏం చూశావు? ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశావే, ఏం చూసి వేశావు? బొమ్మలు చూశావా, మురికి చూశావా? మాట్లాడవేం? సరే, ఇటు తిరిగి పడుకో. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. బొమ్మలకి మురికి ఎక్కణ్ణుంచి వస్తుందో నేను చెప్తాను. మధ్యలో నాకు కోపం వస్తుంది. వస్తే రానీ, నువ్వు భయపడకు.

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇంటింటా అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేవాళ్ళు. గిర్రున తిరిగే కర్రకి ఉలి ఆనించి బొమ్మ తీసేవాళ్ళు. అది తిరుగుతుండగానే రంగు లక్క అద్దేవాళ్ళు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టుకునేది. ఆ తర్వాత మొగలాకుతో రుద్దితే బొమ్మ అద్దంలా మెరిసేది.

ఆ ఊళ్ళో అప్పలకొండ అని ఒక పనివాడు. అతని పెళ్ళాం చిన్నతల్లి. వాళ్ళకి ఒక్కతే కూతురు, నూకరత్నం. ఆరేళ్ళది. అప్పలకొండ చేసిన బొమ్మలన్నీ బుట్టలకెక్కి పట్నం పోయేవి. పట్నం పిల్లలు వాటితో ఆడుకునేవాళ్ళు. బొమ్మలు చేసే ఇంట్లో పుట్టిన పిల్ల మాత్రం కొబ్బరిచిప్పలతో ఆడుకునేది! ఇదెక్కడి న్యాయం?

అప్పుడు ఒకరోజు అప్పలకొండ మిగిలిపోయిన కర్రముక్కలు ఏరుకుని, కూతురి కోసం మూడు బొమ్మలు చేశాడు. ఒక బొంగరం. మూతతో ఒక లక్కపిడత. తాడు కట్టి లాగితే తల ఊపుకుంటూ వచ్చే ఒక చక్రాల పిట్ట. మూడింటి అడుగునా మూడు గీతలు పెట్టాడు. పసుపుతో ఒకటి, ఎర్రటి జాఫ్రా గింజలతో ఒకటి, నీలిమందుతో ఒకటి.

"అమ్మకానికి పోయే బొమ్మలకి ఈ గీతలుండవే రత్నం. ఇవి నీవే" అన్నాడు.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. అప్పలకొండకి జ్వరం వచ్చింది. మూడు వారాలు మంచం మీదున్నాడు, పోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు రత్నం లేచి చూస్తే బొమ్మలు లేవు. మంచం కింద వెతికింది. కుండల వెనక వెతికింది. పెరట్లో వెతికింది.

"అమ్మా, నా బొమ్మలేవే?"

చిన్నతల్లి పొయ్యి ఊదుతోంది. తల ఎత్తలేదు. "భద్రంగా ఉన్నాయిలే" అంది.

అంతే. ఆ ఒక్క మాట చేసిన పని చూడు.

ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసే మనిషి ఒకడున్నాడు. అతని పేరు భద్రం. అరుగుల మీద కూర్చున్న పెద్దలు "ఒరే భద్రంగా, గాలి కొట్టరా" అని పిలిచేవాళ్ళు. ఆరేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది? బొమ్మలు భద్రంగా ఉన్నాయంటే, భద్రంగాడి దగ్గర ఉన్నాయనుకుంది. పైగా అతని కొట్లో ఒక రేకు పెట్టె, దానికి ఇంత తాళం. ఇంకేం కావాలి?

అప్పుడు రత్నం యుద్ధానికి దిగింది. మొదటి రోజు, కొట్టు ముందు నిలబెట్టిన సైకిళ్ళన్నిటికీ గాలి తీసేసింది. రెండో రోజు, అతని గాలిపంపు ఈడ్చుకుపోయి గడ్డివాములో దూర్చింది. మూడో రోజు సంత. సంత నడిమధ్య, కొట్టు ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని అరిచింది.

"భద్రంగా! నా బొమ్మలు నాకిచ్చెయ్!"

భద్రం పానా చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. "నీ బొమ్మలు నా దగ్గరెందుకుంటాయి తల్లీ?"

"ఉన్నాయి! మాయమ్మ చెప్పింది!"

సంతంతా నవ్వింది. "ఏరా భద్రం, తండ్రి పోయిన పిల్ల బొమ్మలే దొరికాయేరా నీకు?" అన్నాడొకడు. "పెట్టెలో ఇంకేం దాచావో చూపించరా" అన్నాడింకొకడు. భద్రం లోపలికి పోయి ఆ రేకు పెట్టె తెచ్చి నడివీధిలో గుమ్మరించాడు. పానాలు, రబ్బరు ముక్కలు, తుప్పు పట్టిన చైను, ఒక చద్దన్నం గిన్నె. అంతే ఉన్నాయి. అయినా నవ్వడం ఆపలేదు. "ఇంటికి మోసేసుంటాడులే" అన్నాడు మూడోవాడు.

చిన్నతల్లి ఆ సంతలోనే ఉంది. ఉల్లిపాయలు ఏరుకుంటోంది. అంతా వింది. 'అయ్యో, బొమ్మలు మా ఇంట్లోనే అటక మీదున్నాయయ్యా' అంటే ఐపోయేది. అనలేదు! ఎందుకనలేదు? అంటే పిల్ల అటక ఎక్కుతుంది. బొమ్మలు దించుతుంది. పాడుచేస్తుంది. 'భద్రం దగ్గరున్నాయనే అనుకోనీ, అటక వైపు చూడదు' అనుకుంది. అనుకుని, అందరితో పాటు తనూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, పిల్లని రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది.

మొగుడు పోయిన బాధ ఉంది, కాదనను. అతని చేతివి అమ్ముడుపోకుండా మిగిలినవి ఆ మూడే, అదీ కాదనను. కానీ బాధ ఉన్నవాళ్ళు ఇంకొకడి పేరు తీసి అటక మీద పడెయ్యొచ్చా? నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఆ రోజు నుంచి భద్రానికి బొమ్మల దొంగ అని పేరు పడింది. మొదట్లో వేళాకోళం. ఆ తర్వాత అలవాటు. ఆ తర్వాత అదే నిజం. పాత సంగతి ఎరగని కోడళ్ళు కూడా "ఆ కొట్టు వైపు పోకండర్రా" అని పిల్లలకి చెప్పేవాళ్ళు. అతను ఏం దొంగిలించాడో అడిగినవాళ్ళు లేరు.

అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి.

రత్నం పెరిగి పెద్దదై తండ్రి పనే పట్టింది. ఊళ్ళోనే మనువాడింది. ఆమెకొక కూతురు, గౌరి. ఐదేళ్ళది. చిన్నప్పటి సంత గోల రత్నానికి నీడలా గుర్తుంది. బొమ్మలు పోయాయని గుర్తుంది. భద్రం తీశాడనే ఇంకా అనుకుంటోంది.

అప్పుడు ఒకరోజు చిన్నతల్లి ఇంటికి పెంకులు మార్పించాలని అటక మీది సామానంతా దించారు. అడుగున ఒక పెట్టె. రత్నం మూత తీసింది. గుప్పున కంపు. ఎలుక పెంటికలు, బల్లిగుడ్ల పెంకులు, బొద్దింక రెక్కలు. వాటి మధ్య, చీకిపోయిన గుడ్డలో, నల్లటి ముద్దలు మూడు. ఇన్నేళ్ళ పొయ్యి పొగ, జిడ్డు, దుమ్ము కలిసి తారులా పట్టేశాయి. ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది.

"ఏటమ్మా ఇవి?"

చిన్నతల్లి మొహం తిప్పుకుంది. "ఏవో చెత్త. ఏట్లో పడెయ్."

సరిగ్గా అప్పుడే గౌరి పకపకా నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, అమ్మా! బొమ్మల దొంగ కుంటుకుంటూ బడికి పోతన్నాడే! మేమందరం వెనకాల పడి అరిచాం!"

ఎందుకు పోతున్నాడు బడికి? భద్రానికి మోకాళ్ళు అరిగిపోయాయి. కింద కూర్చుని చక్రం విప్పలేడు. బడి తాళాలు తీసి, వేసి, కాపలా కాసే మనిషి కావాలన్నారని తెలిసి, ఆ పని నాకిప్పించండి అని అడిగాడు. ఆ సాయంత్రమే పెద్దలు కూర్చుని తేల్చాలి. "బొమ్మల దొంగకి బడి తాళాలేటి!" అని అప్పటికే ఒకడు అననే అన్నాడు, మిగతావాళ్ళు నవ్వనే నవ్వారు.

రత్నం ఆ మూడు ముద్దల్ని చూసింది. కూతురి నవ్వు చూసింది. తల్లి వీపు చూసింది.

"అమ్మా. నా బొమ్మలు భద్రంగా ఉన్నాయన్నావు. ఎక్కడ?"

"అవి ఆడు తీశాడు కదే. ఊరంతా ఎరుగును."

"మరి ఇవి?"

"ఇవి నీవి కావంటే!"

చూశావా? అంత మురికిలోనూ ఆ అబద్ధం ఎంత తెల్లగా ఉందో!

'నావైతే అడుగున మూడు గీతలుంటాయి' అనుకుంది రత్నం. కోపంతో ముందు బొంగరం తీసుకుంది. బట్టల సోడా కలిపిన వేడినీళ్ళలో ముంచేసింది. లక్కపనిలో పుట్టి పెరిగిన మనిషి, లక్కని వేడినీళ్ళలో ముంచొచ్చా? కోపం అలాంటిది. లక్క తెల్లగా ఉబ్బి, పొట్టులా ఊడింది. గీతలూ ఊడిపోయాయి. ఉత్త కర్ర చేతికొచ్చింది.

ఆ తర్వాత లక్కపిడత తీసుకుంది. ఈసారి నీళ్ళు ముట్టలేదు. బూడిద పెట్టి కొబ్బరిపీచుతో బరబరా తోమింది. మురికి పోయింది, మెరుపూ పోయింది, అడుగంతా గీరుకుపోయింది.

"చెప్పానా, నీవి కావని" అంది చిన్నతల్లి.

అప్పుడు రత్నం చేతులు దులుపుకుని గుమ్మంలో కూర్చుంది. తండ్రి చేతులు గుర్తొచ్చాయి. ఆ చేతులు ఏనాడూ తొందరపడలేదు. లేచి మెత్తటి పొడిగుడ్డ తెచ్చింది. దాని మీద ఒక్క చుక్క నువ్వులనూనె వేసింది. పిట్టని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. నల్లటి తార్లోంచి ముందు ముక్కు బయటికొచ్చింది. ఆ తర్వాత ఒక కన్ను. ఆ తర్వాత తోక, తోక మీద బుల్లి పాలపళ్ళ గాట్లు. అవి ఎవరి పళ్ళో రత్నం నాలుకకి తెలుసు. ఆఖరున పిట్టని బోర్లా తిప్పి, మొగలాకు తీసుకుని, అడుగు వెచ్చబడేదాకా రుద్దింది.

పసుపు. ఎరుపు. నీలం.

చిన్నతల్లి గోడకి జారబడి కూర్చుంది. "పాడైపోతాయనే దాచానే. ఆయన చేతివి అవే మిగిలాయి."

"పాడవకుండా ఉన్నాయా?" అంది రత్నం. "నాకిచ్చుంటే ఆడి ఆడి విరగ్గొట్టేదాన్ని. ఆడుకున్నానన్న తృప్తైనా ఉండేది. నువ్వు ఎలకలకిచ్చావు. పోనీ, బొమ్మల్ని కర్ర అనుకుందాం. ఆ మనిషి పేరు? అదెవరు తుడుస్తారమ్మా? దానికి ఏ నూనె రాస్తావు?"

అప్పుడు రత్నం ఆ మూడింటినీ చాటలో పెట్టుకుంది. ఊడిన బొంగరం, గీరుకుపోయిన పిడత, మెరుస్తున్న పిట్ట. గౌరి చెయ్యి పట్టుకుని బడికి నడిచింది.

బడి వరండాలో పెద్దలు కుర్చీల్లో ఉన్నారు. భద్రం మెట్టు మీద ఉన్నాడు. రత్నం చాట వాళ్ళ మధ్యన పెట్టి, మూడు గీతలూ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఇవి మా ఇంటి అటక దాటి పోలేదు. ఈయన ఏమీ తియ్యలేదు. ఆ రోజు అరిచింది నేను. నా తప్పు" అంది.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "పోనీలే అమ్మా, ఎప్పటి మాటో. అందరూ ఏదో సరదాకి అన్నదే కదా. ఇదుగో భద్రం, తాళాలు తీసుకో" అన్నాడు.

భద్రం తాళాలు అందుకోలేదు. పిట్టని చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నేళ్ళు తన నెత్తి మీద మోసిన బొమ్మని మొదటిసారి చూశాడు. చక్రం వేలితో తిప్పాడు.

"సరదానా మాస్టారూ?" అన్నాడు. "మా ఆడది బావికాడ నీళ్ళు తోడుకుంటుంటే దొంగ పెళ్ళామన్నారు. నా కొట్టు ముందు ఏ పసిగుంటా ఆగలేదు. ఈ రత్నమ్మ అప్పుడు ఆరేళ్ళది. దాని వస్తువు అది అడిగింది, అడగడం తప్పు కాదు. నేను పెట్టె గుమ్మరించి చూపించాక కూడా నవ్వారే, ఆళ్ళు కావాలి నాకు. ఆళ్ళు నోరు విప్పాక ముట్టుకుంటాను మీ తాళాలు."

ఒకాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇంకొకాయన చుట్ట వెలిగించుకున్నాడు. మూడో ఆయన గోడ గడియారం వైపు చూశాడు. అంత పెద్ద నోళ్ళు, ఒక్కటీ పెగల్లేదు!

అప్పుడు గౌరి తల్లి చెయ్యి వదిలించుకుని మెట్టు దగ్గరికి పోయింది. "తాతా, ఇందాక నేనూ అరిచాను" అంది. కళ్ళు నేల మీద పెట్టుకుని, "ఇంకెప్పుడూ అనను" అంది.

భద్రం పిట్ట తాడు ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "లాగు. ఆడుకోడానికే కదా చేశాడు మీ తాత" అన్నాడు. ఆ పిల్ల లాగింది. పిట్ట తల ఊపుకుంటూ వరండా అంతా తిరిగింది. పెద్దలు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు.

ఆ తర్వాత బడి గేటు కిర్రుమంది. అందరూ తిరిగి చూశారు. చిన్నతల్లి. చెప్పులు లేకుండా, వగరుస్తూ వచ్చింది. ఒకవైపు మెట్టు మీద భద్రం, ఒకవైపు స్తంభం పక్కన కూతురు. మధ్యలో నిలబడింది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని నోరు తెరిచింది.

కంచికి పోయే కథా, కాసేపు ఆగు,
ఇంటికి పోయే మాటా, ఇక్కడే మోగు.
నవ్విన నోటికి జవాబు లేదు,
నలిగిన పేరుకి నిదరే రాదు.

నువ్వు మాత్రం నిద్రపోయే ముందు ఒక్కటి చెప్పు. చిన్నతల్లి నోరు తెరిచింది కదా, తప్పయిపోయిందని ముందు ఎవరితో అనాలి, భద్రంతోనా, కూతురితోనా?