రంగరాజు అడిగిన తూటా

"అడవిదున్నను ఒక్క దెబ్బకి పడగొట్టాలంటే ఏ తూటా వాడాలి, పడాలుగారూ?" అని రేంజరు రంగరాజు అడిగాడు.

గెమ్మెలి సోమన్న పడాలు వెంటనే జవాబు చెప్పలేదు. ఆయనకి ఆ అలవాటే లేదు. ప్రశ్న వేసినవాడి ముఖం కాసేపు చూసి, చేతిలో ఉన్న పని పూర్తిచేసి, ఆ తరవాత ఏదో ఒకటి చేసి చూపించేవాడు. పర్మిట్ ఉంటే వేటాడనిచ్చే రోజులవి. మన్యంలో పడాలంత గురి ఉన్నవాడు లేడని పేరు. రంగరాజు ఆయన దగ్గరే వేట నేర్చుకుంటున్నాడు. అయినా పైరు తొక్కే జంతువు మీదా, మనిషిని పొడిచిన జంతువు మీదా తప్ప ఆయన తుపాకీ ఎత్తి ఎరగడు.

రంగరాజు ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. పది రోజుల కిందట పాలగెడ్డ ఊరి చోడి చేలల్లో, అంటే రాగి చేలల్లో, పడుతున్న అడవిదున్నను అతనే కాల్చాడు. గెడ్డ వాగుకి ఇవతల ఒడ్డున బండ చాటున కూర్చుని, నూట యాభై గజాల దూరం నుంచి, తన త్రీ సెవెంటీ ఫైవ్ రైఫిల్‌తో కాల్చాడు. దెబ్బ తగిలింది. దున్న మోకాళ్ల మీద వాలి, లేచి, వెదురు పొదల్లోకి దూరింది. మూడో రోజున ఊటకి నీళ్లకోసం వెళ్లిన ఒకడి తొడ చీల్చేసింది. అప్పటినించీ పాలగెడ్డ ఆడవాళ్లు ఆ ఊట వదిలేసి, కొండ దిగి రెండు మైళ్ల అవతలనుంచి నీళ్లు మోసుకొస్తున్నారు.

ఆ ప్రాంతపు వేటగాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. జంతువుని గాయపరిచి వదిలినవాడు అది పడేదాకా ఉప్పు ముట్టకూడదు. దాన్ని వాడే వెతికి చంపాలి గాని, ఇంకొకరి చేత చంపించకూడదు. రంగరాజు మైదానం నుంచి వచ్చినవాడు, చదువుకున్నవాడు, అయినా ఆ కట్టు పాటించాడు. చప్పిడి అంబలి అతనికి గొంతు దిగేది కాదు. శిష్యుడితోపాటు గురువు కూడా ఆ రోజులన్నీ ఉప్పు మానేశాడని రంగరాజుకి తరవాతగాని తెలియలేదు.

"నా గురి తప్పలేదండీ. తూటాయే చాల్లేదు," అన్నాడు రంగరాజు. "దాని ఒళ్లు వెయ్యి కిలోలు. దానిమీద మూడొందల గ్రెయిన్ల బరువున్న తూటా ఏం పనిచేస్తుంది? కాఫీ తోట మేనేజరుగారిని అడిగి ఆయన ఫోర్ సెవెంటీ తెచ్చేసరికి ఇన్ని రోజులైంది. ఇది అయిదొందల గ్రెయిన్లు. దీంతో వెళ్లమంటే రేపే వెళతాను. మీ మాట కోసమే ఆగాను."

పడాలు ఆ జంట గొట్టాల తుపాకీని చేతుల్లోకి తీసుకుని తూచి చూశాడు. "మంచి తుపాకీ," అన్నాడు. "త్రీ సెవెంటీ ఫైవ్‌కి తక్కువైనది దున్న మీద ఎత్తడం పాపం. అది నీకు మొదటి రోజే చెప్పాను. ఆ పైన ఏదన్నది చూద్దాం. పద."

పాలగెడ్డ ఊరి చివర చేలగట్టు మీద ఒక చెదపుట్ట ఉంది. దానిమీద అరచేతి వెడల్పున సున్నం బొట్టు పెట్టించి, నలభై అడుగులు కొలిచి, అక్కడ శిష్యుణ్ణి నిలబెట్టాడు. ప్రతిసారీ తూటా తానే, శిష్యుడికి కనబడకుండా వెనక్కి తిరిగి నింపి, తుపాకీ మూసి చేతికిచ్చాడు. ఖాళీ కుండలతో కొండ దిగబోతున్న ఆడవాళ్లు నలుగురు చూడ్డానికి ఆగారు.

మొదటి దెబ్బకి కొండలు మారుమోగాయి. రంగరాజు రెండడుగులు వెనక్కి పోయాడు. తూటా బొట్టుకి మూరెడు కింద, నేలలో దిగబడింది. పడాలు తుపాకీ తీసుకుని వెనక్కి తిరిగాడు. మళ్లీ మూసి చేతికిచ్చాడు. రంగరాజు పళ్లు బిగించి, తుపాకీ మడమని భుజానికి అదిమి, ట్రిగ్గరు లాగాడు.

టక్కుమంది, అంతే. లోపల తూటా లేదు. అయినా రంగరాజు కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. భుజం ముందుకి దూకింది. తుపాకీ గొట్టం జానెడు కిందికి వంగిపోయింది.

ఆడవాళ్లు పక్కుమన్నారు. వాళ్లలో కొర్రా బుద్రి అనే ఆవిడ నోరున్న మనిషి. దున్న పొడిచింది ఆవిడ మరిదినే. "ఒలమ్మో! తూటా లేని తుపాకీకే బాబు ఇలా అదిరిపోతే, దున్నొచ్చి ఎదరుంటే ఏటౌతాడే!" అంది.

"నవ్వకమ్మా," అన్నాడు పడాలు. "నేను నేర్చుకునే రోజుల్లో ఇంతకన్న ఎక్కువ అదిరాను. అప్పుడు చూసి నవ్వడానికి మీరు లేరు, అంతే తేడా."

ఈసారి పడాలు రంగరాజు సొంత రైఫిల్ తీసి, వెనక్కి తిరిగి బోల్టు మూసి ఇచ్చాడు. రంగరాజు గురిచూసి లాగాడు. అదీ ఖాళీయే. గొట్టం అంత వంగలేదు గాని, వంగింది. అది అతనే చూశాడు. పది రోజుల కిందట గెడ్డ ఒడ్డున కూడా ఇలాగే వంగి ఉంటుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పేలిన మోతలో ఆనాడు కనబడలేదు. ఇవాళ మోత లేదు కాబట్టి కనబడింది.

"ఇక్కడ వడ్లగింజ మందం వంగితే అంత దూరాన మూరెడు తేడా," అన్నాడు పడాలు మెల్లిగా. "గుండెకి పంపింది కడుపులో పడుతుంది."

రంగరాజు తల ఎత్తలేకపోయాడు. భయపడటం తప్పు కాదు. శరీరానికి దెబ్బంటే భయం ఉండటం సహజం. ఆ భయాన్ని ఒప్పుకోకుండా తప్పు తూటా మీదికి తోసి, ఇంకా పెద్ద తూటా వెనక దాక్కోవడమే తప్పు. మనలో చాలామందిమి వేటకి వెళ్లకుండానే ఈ తప్పు చేస్తుంటాం.

"ఇప్పుడే వెళదామండీ. అది అక్కడ బాధపడుతోంది," అన్నాడు రంగరాజు.

"బాధపడుతోంది. నువ్విలా వెళితే దానికి రెండో పుండు తగిలించి వస్తావు."

ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా, పడాలు తుపాకీ మూసి ఇస్తూనే ఉన్నాడు. ఒకసారి తూటా ఉండేది, రెండుసార్లు ఉండేది కాదు. ఏ క్షణంలో పేలుతుందో తెలియదు కనక, పేలుడు కోసం ఎదురుచూడటం రంగరాజు కొంచెం కొంచెంగా మానేశాడు. భుజం కమిలి నల్లబడింది. బుద్రి నీళ్ల కుండ దించి, ఏ ఆకో నూరి తెచ్చి, "ఇది పుయ్యి బాబూ, వాపు తీస్తాది," అని ఇచ్చి వెళ్లింది. ఈసారి నవ్వలేదు. మర్నాడు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి, ఖాళీ తుపాకీ టక్కుమన్నప్పుడు గొట్టం బండరాయిలా నిలిచింది. నింపిన తూటా బొట్టు మధ్యలో దిగింది.

"ఏది తీసుకెళతావు?" అని అడిగాడు పడాలు.

రంగరాజు రెండు తుపాకుల వంకా చూసి, తన త్రీ సెవెంటీ ఫైవ్ అందుకున్నాడు. పడాలు పెద్ద తుపాకీని పక్కన పెట్టాడు. చేతికర్ర ఒకటి తీసుకుని వెంట బయల్దేరాడు.

"మీరు తుపాకీ తెచ్చుకోరా?" అన్నాడు రంగరాజు గాభరాగా.

"నీ చేతిలో ఉంది కదా," అన్నాడు పడాలు.

ఊట పైనున్న వెదురు పొదల దగ్గరికి వచ్చేసరికి ముందు వాసన తగిలింది. చీము వాసన. తరవాత ఈగల రొద వినిపించింది. నలభై అడుగుల దూరంలో ఆకుల సందున నల్లటి వీపు కనబడింది. రంగరాజు అక్కణ్ణుంచే కాల్చవచ్చు. పది రోజుల కిందటి మనిషయితే కాల్చేవాడే. ఆకుల అడ్డంలో భుజం సరిగ్గా తెలియడం లేదు. అతను తుపాకీ దించి, ఇంకా ముందుకి వెళ్లాడు. వెనక ముసలాయన వట్టి చేతికర్రతో వస్తున్నాడన్న సంగతి అతని వీపుకి తెలుస్తూనే ఉంది. తాను గురి తప్పితే దున్న కొమ్ములకి ముందు తానూ, తరవాత ఆయనా.

ఇరవై అడుగుల దగ్గర దున్న తల తిప్పింది. ఎంత పెద్ద జంతువు ఎంత చిక్కిపోయిందో అప్పుడు చూశాడతను. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. కడుపు పక్కన పుండు అరచేతి మేర తెరుచుకుని ఉంది. కళ్లలో కోపం కన్నా అలసటే ఎక్కువగా కనబడింది. అది ఒక్కసారి ముక్కు చీది, తల వంచి, అతని మీదికి అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. భుజం సందు తేటగా కనబడేదాకా రంగరాజు ఆగి, ట్రిగ్గరు లాగాడు. మోత అతనికి వినబడలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. దున్న ముందరికాళ్లు మడిచి, మెల్లిగా, పడుకున్నట్టుగా పడింది. అతను చేరువగా వెళ్లి, మెడ మీద ఇంకొకటి కాల్చాడు. తరవాత ఎంతసేపు చూసినా అది కదల్లేదు.

రంగరాజు తుపాకీ పక్కన పెట్టి దాని దగ్గర చతికిలబడ్డాడు. తన పాత దెబ్బ పడినచోట, ఈగలు ముసిరిన ఆ పుండు మీద చెయ్యి వేశాడు. వాసనకి ముఖం తిప్పుకోలేదు. తుపాకీ మోత విని వచ్చింది కాబోలు, కింద ఊట దగ్గర బుద్రి గొంతు వినబడింది. మిగతా ఆడవాళ్లని కేకేస్తోంది. కాసేపటికి కుండ నీళ్లలో ముంచిన చప్పుడు వచ్చింది.

పడాలు వచ్చి శిష్యుడి కమిలిన భుజం మీద, నొప్పి తగలకుండా, చెయ్యి ఆనించాడు.

"ఇప్పుడు అడుగు రాజుబాబూ, ఏ తూటా అని. ఇక ఏది చెప్పినా ఫరవాలేదు."